బెల్టు కట్టుకుని వినవలసిన మాటలు

మా నాన్నగారు పోయిన ఏడాది అమ్మని కొన్నాళ్ళు మా దగ్గర ఉంచుకుందామని అమెరికా తీసుకొచ్చాను. 2023 డిసెంబరులో సియాటిల్లోని మా ఇంటి నుంచి న్యూజెర్సీలో ఉన్న చెల్లెలి ఇంటికి రాత్రి విమానంలో బయలుదేరాం. నాన్న పోయిన దగ్గరనుంచి అమ్మకి నిద్ర సరిగా లేదు. రాత్రి రెండింటికి లేచి హాల్లో కూర్చునేది. ఆ రోజు మాత్రం, డకోటాలు దాటుతుండగా అనుకుంటాను, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కదిలితే లేస్తుందేమోనని చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే కూర్చున్నాను.

దిగడానికి ఇంకా నలభై నిమిషాలుందనగా దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. మైకు గరగరమంది. ఎయిర్ హోస్టెస్ గారు గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ ఉలిక్కిపడి లేచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమైందిరా? ఏమంటోందావిడ?"

"ఏం లేదమ్మా. క్రెడిట్ కార్డు తీసుకోమంటోంది."

"కార్డా? ఇప్పుడా?" అని, కాసేపాగి, "నేనింకా ఇంజను ఆగిపోయిందేమో అనుకున్నాను" అంది.

ఆ తర్వాత ఆవిడ నిద్రపోలేదు. ఇన్ని వేల మైళ్ళు బోనస్, మొదటి ఏడాది ఫీజు లేదు, ఈ ఆఫరు విమానంలో ఉన్నవాళ్ళకి మాత్రమే, అని ఐదు నిమిషాలు సాగింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆక్సిజన్ మాస్కు ఎలా పెట్టుకోవాలో చెప్పిన గొంతూ, మైకూ ఇవేనని మాత్రం ఆవిడకి తెలుసు. ఆ గొంతు అర్ధరాత్రి మళ్ళీ పలికితే భయపడటంలో తప్పేముంది?

మా వృత్తిలో ప్రోగ్రాములో తప్పు కనబడితే, ఆ లైను ఎవరు ఎప్పుడు రాశారో వెనక్కి వెళ్ళి చూడటం అలవాటు. ఈ సంగతి కూడా అలాగే తవ్వుకుంటూ వెళితే విమానాల కన్నా ముందు బస్సులు తగిలాయి.

బస్సులంటే నాకు మన ఆర్టీసీ బస్సే గుర్తొస్తుంది. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళేటప్పుడు బస్టాండులో బస్సు ఆగగానే జామకాయలు, వేరుశనక్కాయలు, గోళీసోడా కిటికీల దగ్గరికి వచ్చేవి. పళ్ళపొడి అమ్మే ఆయన ఏకంగా బస్సెక్కి, ఎవరో ఒకరి పన్ను తోమి చూపించి, కండక్టరు విజిల్ వెయ్యగానే దిగిపోయేవాడు. మరి అదీ అమ్మకమే కదా, దాని మీద నాకెందుకు కోపం లేదు? వాడు దిగిపోయేవాడు కాబట్టి. వద్దంటే పక్క సీటుకి వెళ్ళేవాడు కాబట్టి. అన్నిటికన్నా ముఖ్యం, కండక్టరు ఏనాడూ విజిల్ వేసి పళ్ళపొడి అమ్మలేదు.

అమెరికాలో కండక్టరు చేత పళ్ళపొడి అమ్మించే ప్రయత్నం రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే మొదలైంది. 1949 చివర్లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో లౌడ్ స్పీకర్ల నుంచి పాటలూ, వాటి మధ్య ప్రకటనలూ వినిపించడం మొదలుపెట్టారు. రైలు కోసం నిలబడ్డవాడు ఎక్కడికి పోతాడు? జనం గోల పెట్టారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ విచారణ జరిపితే 'న్యూయార్కర్' పత్రిక సంపాదకుడు హెరాల్డ్ రాస్ స్వయంగా వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. 1950 జనవరికల్లా రైల్వే కంపెనీ ఆ లౌడ్ స్పీకర్ల వ్యాపారం మానుకుంది.

వాషింగ్టన్ నగరంలో కథ ఇంత తేలిగ్గా తెమలలేదు. అక్కడ ట్రాములూ బస్సులూ నడిపే క్యాపిటల్ ట్రాన్సిట్ కంపెనీ 1948లో ప్రయోగం చేసి, ఆ తర్వాత బండ్లలో రేడియోలు బిగించింది. కార్యక్రమంలో నూటికి తొంభై పాళ్ళు సంగీతం, ఐదు పాళ్ళు ప్రకటితాలు, మిగిలిన ఐదు పాళ్ళు వ్యాపార ప్రకటనలు. రేడియో కంపెనీ బండికింత అని ట్రాన్సిట్ కంపెనీకి అద్దె కట్టేది. ప్రయాణీకులని అడిగి ఒక సర్వే కూడా చేయించారు. 93.4 శాతం మందికి అభ్యంతరం లేదన్నారు. ఇందులో పాట బాగుందన్నవాళ్ళతో పాటు, ఉంటే ఏం లేకపోతే ఏం అన్నవాళ్ళూ, తెలియదన్నవాళ్ళూ కలిసి ఉన్నారు. 6.6 శాతం మంది ఇష్టం లేదన్నారు. మెజారిటీ కావాలంటున్నారు, అయినా వద్దంటారా అని వాళ్ళని మళ్ళీ అడిగితే చివరికి గట్టిగా కాదన్నవాళ్ళు 3 శాతం మిగిలారు. ప్రశ్నని రెండోసారి ఎలా అడగాలో తెలిసినవాడికి సర్వేలో ఏ జవాబైనా వస్తుందని మా ఆఫీసులో నేను చాలాసార్లు చూశాను.

ఆ మూడు శాతంలో పోలక్, మార్టిన్ అనే ఇద్దరు లాయర్లు ఉన్నారు. రోజూ ఆ బండ్లలో తిరిగే మనుషులే. వాళ్ళు కోర్టుకి వెళ్ళారు. చదవాలనుకున్నవాడు పుస్తకం మూసుకోవచ్చు, చూడకూడదనుకుంటే కళ్ళు మూసుకోవచ్చు, చెవులకి రెప్పలు లేవుగా అన్నది స్థూలంగా వాళ్ళ వాదన. 1951లో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. కానీ 1952 మే 26న సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. బహిరంగంగా నడిచే వాహనంలో ఎక్కినవాడికి ఇంట్లో ఉన్నంత ఏకాంతం ఉండదనీ, మిగతా ప్రయాణీకుల ఇష్టాన్ని కూడా చూడాలనీ జస్టిస్ బర్టన్ రాశారు. పూర్తిగా కాదన్నది జస్టిస్ డగ్లస్ ఒక్కరే. బస్సెక్కక తప్పనివాడు, ఎక్కాక దిగలేనివాడు శ్రోత కాదు, బందీ అన్నది ఆయన అభిప్రాయం. ఇక్కడి న్యాయశాస్త్రంలో 'క్యాప్టివ్ ఆడియన్స్' అనే మాటకి పలుకుబడి తెచ్చిన కేసుల్లో ఇది ముఖ్యమైనది.

ఈ కేసులో నాకు బాగా నచ్చిన పాత్ర జస్టిస్ ఫ్రాంక్ ఫర్టర్. ఆయన తీర్పులో పాల్గొనలేదు. ఎందుకంటే ఆ రేడియో బాధితుల్లో తానూ ఒకడిననీ, ఆ విషయంలో తన మనసు ఎంత ఉడికిపోయి ఉందంటే న్యాయమూర్తిగా కూర్చోవడం సరికాదనీ స్వయంగా రాసిపెట్టి తప్పుకున్నారు. సుప్రీంకోర్టు జడ్జి అంతటివాడికి కూడా ట్రాములో వాల్యూము తగ్గించే అధికారం లేకపోయింది మరి! కోర్టులో గెలిచిన ఆ రేడియో వ్యాపారం ప్రకటనలు గిట్టుబాటుకాక కొద్ది ఏళ్ళలోనే మూతపడిందన్నది వేరే సంగతి.

1974లో ఒహాయోలోని షేకర్ హైట్స్ అనే ఊరి రవాణా బండ్లలో ఎన్నికల ప్రకటన అతికించుకోనివ్వలేదని ఒక అభ్యర్థి వేసిన కేసు కూడా సుప్రీంకోర్టుకి వచ్చింది. అదే ఊరు ఆ బండ్లలో సిగరెట్లకీ, బ్యాంకులకీ చోటిచ్చింది. అభ్యర్థి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఆ ఒక్క ఓటు డగ్లస్ గారిదే. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఆయన బందీల మాట మర్చిపోలేదు.

ఇక విమానాలు. 1978 దాకా ఈ దేశంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత టికెట్టు పెట్టాలో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నిర్ణయించేది. ధరలో పోటీ పడే వీలు లేక కంపెనీలు భోజనంలో పోటీ పడ్డాయి. జంబో జెట్లలో పియానో పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. అట్లాంటిక్ మీదా ఇదే తంతు. 1958లో ఎకానమీ క్లాసులో శాండ్ విచ్ మాత్రమే పెట్టాలని నియమం ఉంటే, స్కాండినేవియా కంపెనీ శాండ్ విచ్ పేరుతో పూర్తి భోజనం పెడుతోందని పాన్ యామ్ ఫిర్యాదు చేసింది. శాండ్ విచ్ అంటే ఏమిటో తేల్చడానికి కంపెనీలన్నీ కూర్చుని మాట్లాడుకోవలసి వచ్చింది. ప్రయాణీకుడికి తిండి ఎక్కువ పెడుతున్నారని దెబ్బలాడుకున్న రోజులూ ఉండేవన్నమాట.

1978 అక్టోబరులో ప్రెసిడెంట్ కార్టర్ సంతకంతో ఆ కట్టుబాట్లు సడలడం మొదలైంది. టికెట్లు చవకయ్యాయి. ఈ మాట నేను చులకనగా అనడం లేదు. మనలాంటి వాళ్ళు పిల్లలని వేసుకుని ఏడాదికో రెండేళ్ళకో ఎక్కడికైనా వెళ్ళగలుగుతున్నామంటే ఆ చవక కూడా కారణమే. కానీ చవకైన చోట డబ్బు మరో దారిలో రావాలి. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్వాంటేజ్' పేరుతో మైళ్ళ పథకం పెట్టింది. 1987లో సిటీబ్యాంకుతో కలిసి క్రెడిట్ కార్డు తెచ్చింది. అక్కడే మలుపు. అప్పటిదాకా మైలు అంటే ఎగిరిన దూరం. ఆ తర్వాత అది బ్యాంకుకి అమ్మే సరుకైంది. బ్యాంకు మైళ్ళు టోకున కొని, కార్డు వాడినవాళ్ళకి పంచుతుంది.

ముందు సీటు జేబులో ఉండే స్కైమాల్ కేటలాగు మీకు గుర్తుండే ఉంటుంది. 1989లో మొదలైంది. నేను 2002లో చదువుకోవడానికి వచ్చినప్పుడు దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, అమెరికాలో కుక్కలకి ఇన్ని వస్తువులు కావాలా అని ఆశ్చర్యపోయాను. 2015 జనవరిలో దాని మాతృసంస్థ దివాలా పిటిషన్ వేసింది. అందరికీ చేతిలో ఫోను ఉండగా ఆ పుస్తకం ఎవరు తిరగేస్తారు? అయితే స్కైమాల్‌ని ముట్టుకోకపోతే అది నోరెత్తేది కాదు. ఆ మర్యాద మైకుకి లేదు.

2008లో పెట్రోలు ధర మండిపోయినప్పుడు అమెరికన్ కంపెనీ మొదటి పెట్టెకి 15 డాలర్లు వసూలు చెయ్యడం మొదలుపెట్టింది, మిగతా పెద్ద కంపెనీల్లో చాలా వరకూ ఆ దారే పట్టాయి. ఇందులో ఒక కిటుకుంది. దేశంలోపలి టికెట్టు ధర మీద కేంద్రానికి 7.5 శాతం పన్ను కట్టాలి, పెట్టె ఫీజు మీద అక్కర్లేదు. అందుకే టికెట్టు పెంచడం కన్నా ముక్కలుగా అమ్మడం లాభం. కార్డుల సంగతైతే, 2023లో డెల్టాకి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చింది సుమారు 6.8 బిలియన్ డాలర్లు. 2020లో కోవిడ్‌తో విమానాలన్నీ నేలమీద ఉన్నప్పుడు యునైటెడ్ తన మైళ్ళ పథకాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంది. ఆ పథకం విలువ సుమారు 22 బిలియన్లని వాళ్ళే లెక్క చూపారు. ఆనాటి మార్కెట్లో మొత్తం కంపెనీ షేర్ల విలువ కూడా అంత లేదు. ఈ అంకెలు చూశాక, తెల్లవారుజామున అమ్మని ఎందుకు లేపారో నాకు అర్థమైంది.

అన్నట్టు ఈ మైకు గురించి కేంద్ర ప్రభుత్వం 1981లోనే ఒక మాట అంది. 1974లో షార్లెట్ దగ్గర ఒక విమానం పొగమంచులో దిగుతూ కూలిపోయి 70 మందికి పైగా చనిపోయారు. ఆ చివరి నిమిషాల్లో కాక్‌పిట్‌లో పైలెట్లు లోకాభిరామాయణం మాట్లాడుకుంటున్నారని రికార్డింగులో తేలింది. దరిమిలా వచ్చిన నియమం ప్రకారం పదివేల అడుగుల లోపు పైలెట్లు అనవసరమైన పనులు చెయ్యకూడదు. అనవసరమైనవి ఏవో ఉదాహరణలిస్తూ, కంపెనీ గొప్పలు చెప్పే ప్రకటనలనీ, కిందున్న వింతలు చూపించడాన్నీ పేరుపెట్టి రాశారు. ఆ నియమం పైలెట్ల ఏకాగ్రత కోసం, నిద్రపోయేవాళ్ళ కోసం కాదు. పదివేల అడుగుల పైన మైకు స్వేచ్ఛాజీవి.

కోర్టుకి వెళదామంటే, వాషింగ్టన్ ట్రాముల కేసు నడవడానికి వాటి మీద ప్రభుత్వ కమిషన్ అజమాయిషీ ఉండటం ఆధారమైంది. విమాన కంపెనీ ప్రైవేటుది, రాజ్యాంగం దాన్ని కట్టడి చెయ్యదు. ఏదైనా రాష్ట్రం చట్టం చేస్తుందా అంటే, విమాన కంపెనీల ధరలు, రూట్లు, సర్వీసుల జోలికి రాష్ట్రాలు రాకూడదని 1978 చట్టంలోనే రాసుంది.

ఆ హోస్టెస్ గారి మీద నాకు కోపం లేదు. చాలా కంపెనీల్లో అర్జీకింత అని కమిషను ఇస్తారు. అప్పటికి చాలా కంపెనీల్లో విమానం తలుపులు మూసేదాకా జీతం గంటలు లెక్కకి రాని ఉద్యోగం వాళ్ళది. డెల్టా మాత్రం 2022లో, ప్రయాణీకులు ఎక్కే సమయానికి కూడా కొంత ఇవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ గొంతులోనూ నిద్రలేమే వినబడింది.

ఇంకో సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది. అమ్మ టికెట్టుకి నేను రొక్కం పెట్టలేదు. అదే కంపెనీ కార్డు నా జేబులో ఆరేళ్ళుగా ఉంది. పిల్లల డేకేర్ ఫీజు, కిరాణా, నాన్న ఆస్పత్రి కోసం ఆదరాబాదరాగా కొన్న నా ప్రయాణం టికెట్టు, అన్నీ దాని మీదే పడ్డాయి. అలా పోగైన మైళ్ళతోనే అమ్మని రప్పించాను. ఆ సంగతి అమ్మకి చెబితే "అయితే ఆవిడ నన్ను లేపింది నీ బాకీకేనన్నమాట" అని నవ్వింది. నాన్న పోయాక ఆవిడ నవ్వగా వినడం నాకదే మొదటిసారి.

తిరుగు ప్రయాణం పగటిపూట పెట్టుకున్నాం. మైకు పలకగానే అమ్మ నా వైపు చూసి "కార్డేనా?" అంది. కార్డే. ఈసారి ఒక కుర్రాడు అర్జీ కాగితాలు పట్టుకుని వరసల మధ్య నడుస్తూ వచ్చాడు. నేను తల అడ్డంగా ఊపేలోపే అమ్మ చెయ్యి చాపి ఒకటి తీసుకుంది. కాగితం దళసరిగా, నున్నగా, బాగుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలో విడిగా దొర్లుతున్న వక్కపొడికి పొట్లం కట్టుకుంది.