ముందు గీత గీయండి

సాయంత్రం ఏడు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో వెనకగది. రొద లేకుండా ఫ్యాన్ ఆపేశారు. చొక్కా వీపుకు అంటుకుంటోంది. రైలు కొలువులకొచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మీదొకటి. రేపు బెల్తరాలో పెళ్లి. పెద్దమ్మ పాడిన పాట పందిట్లో మోగాలి. తెర మీద డోలు, సన్నాయి, కీబోర్డు, ఆమె గొంతు వరసగా ఉన్నాయి. వాటిని మీరు కలపాలి.

పాట మొదలెట్టకండి. ముందు మాస్టర్ మీటర్లో మైనస్ 20 దగ్గర పింక్ నాయిస్ పెట్టండి. జోరువానలా హోరుమంటుంది. ఫోన్లో డెసిబెల్ మీటర్ తెరిచి, సి వెయిటింగ్, స్లో ఎంచుకుని, మీ తల ఉండే చోట పట్టుకోండి. ఎడమ స్పీకర్ ఒక్కటే. స్పీకర్ల శబ్దం నాబ్ మెల్లగా తిప్పండి. 70. 74. 76. ఆగండి. కుడిది కూడా 76కే తెచ్చి, నాబ్ పక్కన పెన్సిల్‌తో గీత గీయండి. సినిమా మిక్సింగ్ థియేటర్లలో ఇది 85. గోడలు ఇంత దగ్గరున్న గదిలో అంత మోత వద్దు. ఫోన్ మీటర్ కాస్త అటూఇటూ చెప్పినా ఫర్వాలేదు. గీత కదలకపోవడమే అసలు సంగతి.

ఇప్పుడు పాట. పెద్దమ్మ గొంతు ముందు, దాని చుట్టూ డోలు.

కోర్బా బొగ్గు వ్యాగన్లు వెళ్తున్నాయి. కిటికీ అద్దం అదురుతోంది. చెయ్యి నాబ్ మీదికి పోతోంది. వద్దు. పాట ఆపి, బండిని పోనివ్వండి.

కాస్త పెంచితే ఏమవుతుంది? పాట ఒక్కసారిగా బాగున్నట్టు అనిపిస్తుంది, అదే ప్రమాదం. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు: శబ్దం తగ్గితే మన చెవికి అడుగు స్వరాలు ముందుగా జారిపోతాయి, పెరిగితే తిరిగొస్తాయి. మోతలో కలిపిన డోలు మామూలు శబ్దంలో పలచబడుతుంది. మరీ చిన్నగా వింటూ కలిపితే, రేపు పందిరి బాక్సుల్లో అదే డోలు పెద్దమ్మను మింగేస్తుంది.

గంట గడిచింది. గొంతు వెనకబడినట్టుంది. ఫేడర్ పైకి. ఇప్పుడు సన్నాయి చాలదు. పైకి. డోలు కూడా. మాస్టర్ పసుపు. మైనస్ 3. మైనస్ 1.

ఎరుపు.

చెయ్యి తీయండి. సున్నా దాటినదంతా ఫైలుగా తీసేటప్పుడు తెగిపోతుంది. గొంతు చిట్లుతుంది. నిజానికి మీ చెవులు ముందే చెప్పాయి: గీత కదల్లేదు, అయినా గది బరువెక్కింది. అంటే ఎక్కినవి ఫేడర్లే. అన్నీ కలిపి పట్టుకోండి. 6 డెసిబెల్లు కిందికి. గొంతు కోసం గొంతును పెంచకండి, సన్నాయిని తగ్గించండి.

ఇప్పుడు అంతా మందంగా వినిపిస్తోందా? చెవులు అలిసిపోయాయి. నాబ్ పెంచకండి. లేవండి. బయటికెళ్లండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్కలో 85 డెసిబెల్లకు పరిమితి రోజుకు 8 గంటలు, 94కి ఒక్క గంటే. ప్రతి 3 డెసిబెల్ల పెంపుకూ సమయం సగమవుతుంది.

తిరిగొచ్చాక ఒక్కసారి, కావాలనే, నాబ్‌ను మాటల శబ్దం కన్నా కిందికి దించండి. పెద్దమ్మ మాటలు తెలుస్తున్నాయి. డోలు దెబ్బ ఇంకా ఆమె కన్నా ముందుకొస్తోంది. ఒక డెసిబెల్ తగ్గించండి. నాబ్‌ను గీత దగ్గరికి తెచ్చి మొదటినుంచీ వినండి. శిఖరం మైనస్ 1 దాటలేదు. ఫైలు తీయండి.