మంచుదారిలో ఆలుమగలు

కారకోరం హిమానీనదాల మీద తొలినాళ్లలో తిరిగినవారిలో ఎక్కువమంది సైనికాధికారులు, సర్వేయర్లు. దాదాపు అందరూ మగవాళ్లే. వాళ్ల మధ్య ఒక భార్యాభర్తల జంట కనిపిస్తుంది. వాళ్లు అమెరికాకు చెందిన ఫానీ బుల్లక్ వర్క్‌మన్, విలియం హంటర్ వర్క్‌మన్. 1898 నుంచి 1912 దాకా ఈ ఇద్దరూ ఎనిమిదిసార్లు హిమాలయ, కారకోరం పర్వతాల్లోకి వెళ్లివచ్చారు. ఆ ప్రయాణాల మీద కలిసి ఐదు పుస్తకాలు రాశారు.

ఫానీ 1859లో పుట్టింది. తండ్రి మసాచుసెట్స్ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసినవాడు, ఇంట్లో డబ్బుకు లోటు లేదు. విలియం డాక్టరు, ఆమెకంటే పన్నెండేళ్లు పెద్ద. 1882లో పెళ్లయింది. న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లో కొండలెక్కడం ఆమెకు నేర్పింది ఆయనే. కొన్నేళ్లకు ఒంట్లో బాగుండడం లేదని విలియం వైద్యవృత్తి మానేశాడు. కుటుంబం జర్మనీకి మారింది. ఆ అనారోగ్యపు మనిషే ఆ తర్వాత అరవై దాటాక కూడా మంచుగడ్డల మీద నడిచాడు!

వాళ్లకు కూతురు రేచెల్, కొడుకు సీగ్‌ఫ్రీడ్. పిల్లలు ఎక్కువగా ఆయాల చేతుల్లోనే పెరిగారు. 1893లో కొడుకు జబ్బుచేసి పోయాడు. నాలుగేళ్ల పిల్లవాడు. ఆ తర్వాతే ఈ దంపతుల దూర ప్రయాణాలు ఊపందుకున్నాయి. దుఃఖమే వాళ్లను ఇల్లు కదిలించిందని చెప్పడానికి వీల్లేదు. ఆ దుఃఖం మాత్రం వెంట వచ్చింది. 1899లో స్కోరో లా హిమానీనదం దగ్గర సుమారు 18,600 అడుగుల శిఖరం ఒకటి ఎక్కి, దానికి సీగ్‌ఫ్రీడ్‌హార్న్ అని పేరు పెట్టారు. ఆ పిల్లవాడి పేరే అది.

కొండలకన్నా ముందు వచ్చింది సైకిలు. అల్జీరియా, స్పెయిన్ తిరిగాక 1897 చివర్లో ఇండియాకు వచ్చారు. టీ, పంచదార, బిస్కెట్లు, దుప్పట్లు, మందులు, పంచరు సామాను సైకిళ్లకే కట్టుకుని తొక్కేవారు. బస దొరకని చోట రైల్వే వెయిటింగ్ రూముల్లో పడుకునేవారు. కొన్ని రోజులైతే ఒక్కరోజులోనే నలభై దాకా పంచర్లు వేసుకోవలసి వచ్చేది. నేటి బ్యాక్‌ప్యాకింగ్‌కు దగ్గరగా ఉన్నది వాళ్ల జీవితంలో ఈ ఘట్టమే. 1898 వేసవిలో మైదానాల ఎండ భరించలేక ఉత్తరానికి మళ్లారు. అక్కడ మంచుకొండల్ని చూశాక సైకిళ్లు రెండో స్థానంలోకి పోయాయి.

కొండల్లో మూటలు మోసింది దంపతులు కాదు, కూలీలు. ఎక్కువమంది బల్తిస్తాన్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. పిండి బస్తాలు, గుడారాలు, కొలత పరికరాలు వాళ్ల వీపుల మీదే కదిలాయి. వాళ్లతో వర్క్‌మన్‌లకు ఎప్పుడూ పేచీయే. పుస్తకాల నిండా కూలీల మీద ఫిర్యాదులుంటాయి. అంత చలిలో, అంత ఎత్తులో ఆ కూలీల కాళ్లకు ఏం తొడుగులున్నాయో పట్టించుకున్న పేజీలు తక్కువ. ఈ జంట సాహసం గురించి చదివేటప్పుడు ఈ లెక్క మరిచిపోకూడదు.

పని పంచుకోవడంలో మాత్రం వాళ్ల పద్ధతి ఆ కాలానికి కొత్త. ఒక ఏడు ఒకరు యాత్ర ఏర్పాట్లన్నీ చూస్తే, రెండోవారు శాస్త్రీయ పరిశీలనల పని చూసేవారు. మరుసటి యాత్రకు బాధ్యతలు తారుమారు. భర్త వెంట అడవులకు నడిచిన ఇల్లాలి కథ మనకు కొత్త కాదు. ఇక్కడ ఎవరు ఎవరి వెంట నడిచారన్నది ఏడాదినిబట్టి మారేది.

1899లోనే కోసర్ గంజ్ అనే సుమారు 21,000 అడుగుల శిఖరం మీద గాలికి ఫానీ వేళ్లు మొద్దుబారి మంచుగొడ్డలి కూడా పట్టుకోలేకపోయింది. అయినా 1906లో, 47వ ఏట, నున్ కున్ కొండల్లోని పినకిల్ పీక్ ఎక్కింది. దాని ఎత్తు 6,930 మీటర్లు. అప్పటికి ఏ స్త్రీ అంత ఎత్తుకు వెళ్లినట్టు నమోదు కాలేదు. 1908లో పెరూలోని హువాస్కరాన్ శిఖరం ఎక్కిన అన్నీ పెక్, తానెక్కినది అంతకంటే ఎత్తని చెప్పుకుంది. ఫానీ ఊరుకోలేదు. ఫ్రెంచి సర్వేయర్లను పెరూ పంపి కొలిపించింది, 13,000 డాలర్లు ఖర్చయ్యాయి. లెక్క 21,812 అడుగులకు తేలి, రికార్డు ఆమెకే మిగిలింది.

వాళ్ల చివరి రెండు యాత్రలు 1911, 1912లలో సియాచిన్ హిమానీనదం మీదికి. బల్తీ భాషలో ఆ పేరుకు అడవి గులాబీలు విరివిగా ఉండే చోటని అర్థం. 1912 యాత్రకు నాయకురాలు ఫానీ. ఆ యాత్రలోనే ఇటలీకి చెందిన గైడు ఒకతను మంచు పగులులో పడి చనిపోయాడు. ఆమె అడుగు తేడాలో బతికింది. అంతటితో వెనుదిరగకుండా పని ముగించాలని నిర్ణయించుకున్నారు. సుమారు 21,000 అడుగుల ఎత్తున ‘స్త్రీలకు ఓటు’ అన్న అక్షరాలు కనిపించేలా కాగితం పట్టుకుని ఆమె నిలబడిన ఫొటో అప్పటిదే. మోకాళ్ల కింది దాకా స్కర్టు, తలకు టోపీ, చుట్టూ మంచు తప్ప మరేమీ లేదు. హిమానీనదం ఉత్తరపు కొసనున్న కనుమకు ఇందిరా కోల్ అని పేరు పెట్టింది కూడా ఆమే. 1984లో సియాచిన్ మీద సైనిక ఘర్షణ మొదలయ్యాక వార్తల్లో ఆ పేరు విన్నవాళ్లు ప్రధాని ఇందిరా గాంధీ అనుకుంటారు కాని, అది లక్ష్మీదేవి పేరు.

మొదటి ప్రపంచయుద్ధం వాళ్ల యాత్రలకు తెరదించింది. 1917లో వచ్చిన చివరి పుస్తకంలో 1912 యాత్ర నాయకత్వం తనదేనని ఫానీ స్పష్టంగా రాయించుకుంది. ఆడవాళ్లు చేసిన పని వాళ్ల పేరు మీదే నమోదు కావాలన్నది ఆమె పట్టుదల. 1925లో ఆమె ఫ్రాన్స్‌లోని కాన్‌లో చనిపోయింది. నాలుగు మహిళా కళాశాలలకు 1,25,000 డాలర్లు రాసిపెట్టింది. విలియం మరో పన్నెండేళ్లు బతికి, 1937లో వెళ్లిపోయాడు.

పినకిల్ పీక్ రికార్డు 1934 దాకా నిలిచింది. దాన్ని దాటిన హెట్టీ డైరన్‌ఫర్త్ కూడా భర్త గుంటర్‌తో కలిసి వెళ్లినామె. ఆమె ఎక్కిన శిఖరం సియా కాంగ్రి, ఇందిరా కోల్‌కు పక్కనే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పర్వతారోహణకు ఇచ్చిన పతకం ఆ దంపతులిద్దరికీ కలిపి వచ్చింది.