కాలేయంలో పెద్ద గడ్డ: భయానికీ నిదానానికీ నడుమ నూరేళ్ల చరిత్ర

సీతాఫల్‌మండిలోని మా ఇంటికి స్కాన్ రిపోర్టులు తెచ్చి చూపించేవారిలో, కాలేయంలో గడ్డ ఉన్నదని తెలిసినవారి ముఖాలు ఎక్కువగా వాడిపోయి ఉంటాయి. రిపోర్టులో 'పెద్దది' అన్న మాట ఉంటే అది క్యాన్సరేనని వారు నిశ్చయించుకొంటారు. గడ్డ పరిమాణం వేరు, ప్రమాదం వేరు అని గ్రహించడానికి వైద్యశాస్త్రానికే సుమారు నూరేళ్లు పట్టింది.

1888లో జర్మన్ శస్త్రవైద్యుడు లాంగెన్‌బుక్ కాలేయంలో కొంత భాగాన్ని కోసి తొలగించాడు. 1898లో ఫాన్నెన్‌స్టీల్ హీమాంజియోమాను, అనగా రక్తనాళాల అల్లికతో ఏర్పడే గడ్డను, తీసివేశాడు. ఆ రోజుల్లో గడ్డ స్వభావం తెలియాలంటే చేతితో తడిమి చూడాలి, లేదా పొట్ట కోయాలి. కోస్తే రక్తస్రావ భయం. 1957లో ఫ్రెంచి వైద్యుడు క్వినో కాలేయాన్ని ఎనిమిది ఖండాలుగా వివరించాక శస్త్రచికిత్సకు ఒక పటం దొరికింది.

మేము వైద్యవిద్య అభ్యసించిన 1970ల తొలినాళ్లలో కాలేయం వాచినదంటే ముందుగా అమీబా వల్ల వచ్చే చీముగడ్డనే అనుమానించేవారము. 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగికి సీటీ స్కాన్ తీశారు. 1973లో అమెరికా వైద్యులు గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో కాలేయ అడినోమాలను గుర్తించి ప్రకటించారు. గడ్డ ఎంత ఉన్నదనే ప్రశ్నతో పాటు, అది ఏ జాతిదనే ప్రశ్నకూ ప్రాధాన్యం పెరిగింది.

నేడు తార్నాకలోనే స్కాన్ చేయించుకోవచ్చు. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సీటీ, ఎమ్మారై స్కాన్లలో హీమాంజియోమా అంచుల నుండి లోపలికి మెల్లగా నిండుతుంది. ఆ అనుమానమున్నచోట సూదితో ముక్క తీస్తే రక్తస్రావం కావచ్చు. బాధ లేని హీమాంజియోమాను, అది పది సెంటీమీటర్లున్నా, సాధారణంగా కోయనక్కరలేదు. తీవ్రమైన నొప్పి ఉన్నప్పుడో, నిర్ధారణ తేలనప్పుడో శస్త్రచికిత్సను ఆలోచిస్తారు.

అడినోమా సంగతి వేరు. అది పగిలి రక్తం కారవచ్చు, అరుదుగా క్యాన్సర్‌గా మారవచ్చు. స్త్రీలలో ముందు మాత్రలు మాన్పించి గమనిస్తారు. అయిదు సెంటీమీటర్లు దాటి తగ్గకపోతే తొలగిస్తారు. పురుషులలో చిన్నదైనా తొలగించమనే సలహా ఇస్తారు. కండల కోసం స్టెరాయిడ్లు వాడే యువకులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

హెపటైటిస్ బి, సిర్రోసిస్ ఉన్నవారిలో ఏ గడ్డనూ నిర్లక్ష్యం చేయరాదు. తక్కినవారు రిపోర్టు చూసి బెదరక, "ఇది ఏ రకం గడ్డ?" అని ముందుగా వైద్యుని అడగండి. కోయాలా, వేచి చూడాలా అన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది.