సుత్తి ఎందుకు జారుతోంది? ఒక తోలు ముక్క కథ

ట్రాక్టర్ వెనక తగిలించి కంచె గుంజల్ని భూమిలోకి దిగ్గొట్టే హైడ్రాలిక్ మెషీన్ చూశారా? పైకెత్తిన సుత్తి నిలబడకుండా మెల్లగా కిందికి జారడం దానికి తరచూ వచ్చే జబ్బు. ఈ జబ్బు వెనక రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది. ఇవాళ అదే చెబుతాను.

1795లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న పంపుతో నీళ్లు నెడితే పెద్ద పిస్టన్ భారీ బరువులు ఎత్తాలి. కానీ పిస్టన్ పక్కనుంచి నీళ్లు కారిపోయేవి. సందు గట్టిగా బిగిస్తే కారడం ఆగేది గానీ పిస్టనే పట్టేసేది! చివరికి గిన్నెలా వంచిన తోలు సీల్ దారి చూపించింది. అది బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లీ ఆలోచన అంటారు. నీటి ఒత్తిడే తోలు అంచుని పిస్టన్‌కి అదిమేది. ఒత్తిడి తగ్గగానే తోలు వదులయ్యేది.

ఇప్పుడు నీళ్ల బదులు ఆయిల్, తోలు బదులు రబ్బరు, పాలీయురేథేన్. సూత్రం మాత్రం అదే. కాబట్టి సుత్తి జారుతుంటే ముందు గొట్టాలు, జాయింట్లు చూడండి. బయట లీకు లేకపోతే, అనుమానం కంట్రోల్ వాల్వ్ మీద, సిలిండర్ లోపలి సీల్ మీద. సుత్తి నెమ్మదిగా లేస్తుంటే మొదట ఆయిల్ లెవెల్, ఫిల్టర్ చూడాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతా. లీకుని చేత్తో తడమకండి. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే ఆయిల్ కూడా చర్మంలోకి దూసుకుపోతుంది, వేలే తీసేయాల్సి రావచ్చు. దూరం నుంచి అట్ట ముక్క అడ్డుపెట్టి చూడండి. ఆయిల్ చర్మంలోకి దిగిందనిపిస్తే, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. ఏది విప్పాలన్నా సుత్తిని కిందికి దించి, ఇంజిన్ ఆపి, లివర్ అటూ ఇటూ కదిపి ఒత్తిడి పోయాకే విప్పండి.

సీల్ పోతే మార్చుకోవచ్చు. వేలు పోతే మార్చుకోలేం కదా!