ఘుబ్రా కొండల్లో తార్ వేట

ఒమన్ ఉత్తర భాగంలో, జబల్ అఖ్దర్ శ్రేణికి ఉత్తరపు పక్కన, నిటారు కొండగోడల నడుమ గిన్నెలా ఒదిగిన లోయ ఘుబ్రా. నఖల్ విలాయత్ (జిల్లా)కు చెందిన ఈ లోయలో పడ్డ వాననీరు వాదీ మిస్తల్ అనే వాగుగా, ఇరుకైన గండి గుండా తీరమైదానం వైపు దిగుతుంది. మస్కట్‌లో ఇండియన్ స్కూల్ ఉన్న అల్ ఘుబ్రా పేట వేరు, ఈ లోయ వేరు. ఇప్పుడు ఎండకు మాడే ఈ లోయ అడుగున సుమారు 71 కోట్ల సంవత్సరాల నాటి హిమానీనదాలు వదిలిన రాళ్ళున్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వాటిని ఘుబ్రా శిలాశ్రేణి అంటారు.

ఏటా కొమ్ములు రాల్చే దుప్పి జాతి ఒమన్‌లో సహజంగా లేదు. వేటగాడి దృష్టిలో ఆ స్థానం కింది వాలుల్లో గజెల్ అనే చిన్న జింకది, పై కొండల్లో అరేబియా తార్‌ది. తార్ ఒక అడవి మేక. ప్రపంచంలో హజర్ పర్వతాల్లో, అంటే ఒమన్‌లోనూ దానికి ఆనుకున్న ఎమిరేట్స్ కొండల్లోనూ తప్ప మరెక్కడా లేదు. భుజం దగ్గర రెండడుగుల ఎత్తు, మగదానికి 23 కిలోల దాకా బరువు, ఆడా మగా రెండింటికీ వెనక్కి వంగిన కొమ్ములు. మగదాని వీపు పొడవునా జూలు ఉంటుంది, వయసుతో పాటు అది పెరుగుతుంది. మనిషి నిలబడలేని రాతిగోడ మీద దాని మెత్తని గిట్టలు పట్టు దొరకబుచ్చుకుంటాయి.

ఈ జంతువు శాస్త్రీయ నామం అరబిట్రాగస్ జయకరి. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో మస్కట్‌లో వైద్యుడిగా పనిచేసిన ఆత్మారామ్ సదాశివ్ జయకర్ అనే భారతీయుడు సేకరించిన నమూనాలను పరిశీలించి, లండన్‌లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ 1894లో దీన్ని కొత్త జాతిగా వర్ణించి ఆయన పేరు పెట్టాడు. చాలాకాలం దీన్నీ, హిమాలయ తార్‌నూ, తమిళనాడు రాష్ట్ర జంతువైన నీలగిరి తార్‌నూ ఒకే ప్రజాతి కింద లెక్కించారు. 2005లో జన్యు పరిశోధన మూడింటినీ విడదీసింది.

చలికాలపు వేట అనగానే ఉత్తర అమెరికా గుర్తొస్తుంది. అక్కడ సీజన్ చివర్లో, మంచు పరుచుకున్నాక, దుప్పులు మేత దొరికే కొద్ది చోట్లకే చేరతాయి. విలుకాడు అలాంటి చోట చెట్టెక్కి కూర్చుని, పాతిక ముప్పై గజాల దూరంలోకి వచ్చేదాకా కదలకుండా కాచుకుంటాడు. బిగుసుకుపోయిన వేళ్ళతో నారి లాగడమే అతనికి పెద్ద పరీక్ష. హజర్ కొండల్లో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ తార్‌కు గడ్డుకాలం వేసవి. ఎండల్లో రెండు మూడు రోజులకోసారైనా నీళ్ళు తాగక తప్పదు కాబట్టి ఎత్తయిన చోటు వదిలి ఊటల దగ్గరికి దిగుతుంది. ఆ ఊట దగ్గర మాటు వేసినవాడికి వేట దొరికినట్టే. చలికాలంలో, జబల్ అఖ్దర్ శిఖరాల మీద ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయే రోజుల్లో, వానలు పడితే రాతి గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, ఉత్తరపు వాలుల్లో పచ్చిక మొలుస్తుంది. అప్పుడు తార్ ఒక్క ఊటకే కట్టుబడి ఉండదు. ఘుబ్రా అంచున వాకాన్ గ్రామంలో ఆప్రికాట్ పూసే ఫిబ్రవరి మనుషులకు చలి, తార్‌కు ఊరట.

ఒమన్‌లో విల్లు చాలా పాతది. ఆదమ్ సమీపంలోని ముద్మార్‌లో ఫ్రెంచి పురావస్తు బృందానికి ఇనుప యుగపు కంచు అంబులపొదులు దొరికాయి. వాటిలోని బాణాలే కాదు, పొదులు కూడా పూర్తిగా కంచువే. వాటితో పాటు కంచు విల్లులు, వాటికి కంచు నారి! అవి వేటకు పనికిరావు, కొలతలోనూ చిన్నవి. కొలుపు కోసమో గౌరవచిహ్నంగానో చేసి ఉంటారు. దేవుడి ముందు పెట్టదగినదిగా విల్లును ఎంచిన సమాజానికి దానితో ఎంత అనుబంధం ఉందో ఊహించవచ్చు.

అయితే ఇక్కడి వన్యప్రాణులను తుడిచిపెట్టినవి విల్లు కాదు, తుపాకీ, మోటారు బండీ. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన 1972లోనే ఒమన్‌లోని జిద్దత్ అల్ హరాసీస్ ఎడారిలో ఒరిక్స్ అనే జింకల్లో అడవిలో మిగిలిన చివరిది వేటకు బలైంది. బోనుల్లో పెంచిన ఒరిక్స్‌లను 1982లో మళ్ళీ అక్కడ వదిలారు. 1996 నాటికి 450 దాకా పెరిగినవి దొంగవేట వల్ల 2007కల్లా 65కు పడిపోయాయి. అక్కడి ఒరిక్స్ అభయారణ్యం విస్తీర్ణాన్ని ప్రభుత్వం 90 శాతం తగ్గించడంతో ఆ ఏడాదే యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. ఆ జాబితా చరిత్రలో అదే మొదటి తొలగింపు.

తార్‌కు అంత దుర్గతి పట్టకపోవడానికి కొండగోడలు ఒక కారణం, సకాలంలో మొదలైన రక్షణ మరో కారణం. మస్కట్‌కు దక్షిణాన వాదీ సరీన్‌లో దానికోసం 1970లలోనే అభయారణ్యం ఏర్పడింది, స్థానిక గిరిజనులనే కాపలాదారులుగా నియమించారు. అదే దశకంలో పాల్ మంటన్ అనే పరిశోధకుడు అక్కడ తార్ జీవనాన్ని అధ్యయనం చేశాడు. ప్రస్తుతం పెద్ద తార్‌లు 2,500 లోపేనని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) అంచనా. దొంగవేట కన్నా నెమ్మదిగా, అంతే గట్టిగా దెబ్బ తీస్తున్నవి అదే మేత, అదే నీళ్ళ కోసం కొండెక్కే పెంపుడు మేకల మందలు. ఒమన్ 2003 నాటి 6వ రాజశాసనం ప్రకారం తార్‌ను చంపడం జైలు, జరిమానాలు తప్పని నేరం. తుపాకీతో అయినా, విల్లుతో అయినా, ఏ కాలంలో అయినా దానికి మినహాయింపు లేదు.