ఫిట్లు తగ్గాయి, మరి మనిషి?

1857లో లండన్‌లో జరిగిన ఓ వైద్యుల సమావేశంలో విక్టోరియా రాణికి పురుడు పోసిన సర్ ఛార్లెస్ లోకాక్, పొటాషియం బ్రోమైడ్‌తో కొందరు స్త్రీలకు ఫిట్లు తగ్గాయని చెప్పాడు. ఆ మందు కామవాంఛను అణచివేస్తుంది కనుక మూర్ఛనూ అణచివేస్తుందని ఆయన ఊహ. ఊహ తప్పు, మందు మాత్రం పనిచేసింది. నమ్మదగిన తొలి మూర్ఛ మందు అలా దొరికింది. అయితే బ్రోమైడ్ ఒంట్లోంచి త్వరగా పోదు, రోజురోజుకూ పేరుకుంటుంది. ముఖం నిండా కురుపులు, తడబడే మాట, మందగించిన జ్ఞాపకం, ఒక్కోసారి మతిభ్రమ కూడా. మూర్ఛ రోగులను ఉంచే పిచ్చాసుపత్రుల నిర్వాహకులకు ఇందులో కొంత లాభమే ఉంది: మత్తులో ఉన్న రోగి అల్లరి చెయ్యడు. ఎన్ని ఫిట్లు తగ్గాయన్నదే ఫలితమైనప్పుడు మిగతా నష్టం రోగి ఒంటి మీదే మిగిలిపోయింది.

ఆగని మూర్ఛ ప్రాణం తీస్తుంది, దానితో పోలిస్తే మత్తు ఎంత అని అడగవచ్చు. నిజమే. 1912లో జర్మనీలో హాప్ట్‌మన్ అనే వైద్యుడు వాడిన ఫినోబార్బిటాల్, మన దగ్గర గార్డినాల్‌గా తెలిసిన ఆ చౌక మాత్ర, నేటికీ పేద దేశాల్లో ఎందరినో కాపాడుతోంది. కానీ ఆ వాదన వెనక, మత్తు లేనిదే ఫిట్లు ఆగవన్న నమ్మకం ఉంది. దాన్ని 1938లో బోస్టన్‌లో మెరిట్, పట్నమ్ అనే వైద్యులు బద్దలు కొట్టారు. పిల్లులకు కరెంటు షాకుతో ఫిట్లు తెప్పించి ఒక్కొక్క రసాయనాన్నీ పరీక్షించారు. 1908లోనే తయారై, నిద్ర పుట్టించదు కాబట్టి ఎవరూ పట్టించుకోని ఫినైటాయిన్ అందులో నెగ్గింది. మరుసటి ఏడాదికే చిగుళ్ళు ఉబ్బుతున్నాయన్న నివేదిక వచ్చింది. మత్తుకన్నా ఇది నయమే, అయినా నోరు తెరిచి నవ్వలేని అమ్మాయిని అడిగి చూడాలి.

వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు చరిత్ర మరీ కఠినం. 1960లలో ఫ్రాన్స్‌లో ఇతర మందులను కరిగించే ద్రావకంగా వాడుతుండగా దాని శక్తి బయటపడింది, 1967లో మార్కెట్లోకి వచ్చింది. గర్భంలోని శిశువుకు వెన్నెముక లోపాలు రావచ్చని 1982లో లియాన్ పరిశోధకులు గుర్తించారు. బుద్ధి వికాసం దెబ్బతింటుందన్న సంగతి ఇంకా ఆలస్యంగా తేలింది. కొన్ని రకాల మూర్ఛకు దానికి సాటి మందు లేదని వైద్యులు అనడంలో తప్పు లేదు, హఠాత్తుగా ఆపేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. కానీ శిశువుకున్న ముప్పును తల్లికి ముందే చెప్పారా అన్నదే ప్రశ్న. ఫ్రాన్స్‌లో బాధిత తల్లులు సంఘంగా ఏర్పడి నిలదీశాక పరిహార పథకం వచ్చింది. గర్భనివారణ ఏర్పాటు లేకుండా గర్భధారణ వయసు స్త్రీలకు దాన్ని ఇవ్వకూడదని 2018లో ఐరోపా ఆంక్ష పెట్టింది. మందు అమ్మకం మొదలై అప్పటికి యాభై ఏళ్ళు దాటింది.