ముందు అభిప్రాయం, తరువాత సభ

శాస్త్ర సభలో ఏ విషయాలు చర్చించాలి? ఎవరు ప్రసంగించాలి? దీనిని నలుగురినీ అడిగి నిర్ణయించడమే మేలైన పద్ధతి. మన సైన్సు కాంగ్రెసు అట్లా అడగడంలోనే పుట్టింది.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. మదనపల్లె అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. ఆ ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోని సైమన్సన్, లక్నో కానింగ్ కళాశాలలోని మాక్‌మహన్ అనే రసాయన శాస్త్రాచార్యులకు ఒక యోచన కలిగింది. శాస్త్రజ్ఞులు దూరదూరంగా వున్నారు. ఒకరి కృషి మరొకరికి తెలియదు. 1831లో ఇంగ్లండులో నెలకొన్న బ్రిటిష్ అసోసియేషన్ వంటి సభ ఇక్కడా వుండాలి. అయితే వారు సభను తామే ప్రకటించలేదు. యోచనను వ్రాసి పంపి, తోటివారి అభిప్రాయాలు అడిగారు. 1912 నవంబరులో 17 మంది కలకత్తాలో సమావేశమై, నిర్వహణ భారాన్ని ఆసియాటిక్ సొసైటీకి అప్పగించారు.

1914 జనవరిలో అశుతోష్ ముఖర్జీ అధ్యక్షతన మొదటి సభ జరిగింది. 105 మంది వచ్చారు. 35 పత్రాలు చదివారు. వృక్ష, జంతు, భూగర్భ, భౌతిక, రసాయన, మానవజాతి శాస్త్రాలకు ఆరు శాఖలు. వైద్యానికి శాఖ లేదు. మరుసటి ఏడు, 1915లో, రెండవ సభ మద్రాసులో జరిగింది. ఆ ఏడాదే మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో క్షయరోగుల వైద్యాలయం వెలసింది!

1911లో అడిగింది శాస్త్రజ్ఞులను మాత్రమే. 2017లో 104వ సభ తిరుపతికే వచ్చింది. సభ దగ్గరికి వస్తే చాలదు. ప్రశ్న కూడా దగ్గరిది కావాలి. టమాటా ధర పడిపోయినప్పుడు కాయ చెడకుండా నిలవ చేయడమెట్లా అని మదనపల్లె రైతుబిడ్డ అడగవచ్చు. ఉపాధ్యాయులు పాఠశాల విజ్ఞాన సభకు విషయాలు నిర్ణయించేముందు ఆ బిడ్డను కూడా అడగాలి.